బొలోన్యా మేలా, సపియెంజా మేలా?

నేను ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీలో చదివాను. బొలోన్యా ఊళ్ళో మాత్రం చదవలేదు. ఈ రెండు మాటలకీ పొత్తు ఎలా కుదురుతుందో మా నాన్నకు చెప్పడానికి అప్పట్లో ఒక పూట పట్టింది. వీసా వచ్చి, టికెట్టు కొన్నాక, ఇల్లు వెతుక్కుంటూ అడ్మిషన్ కాగితం మళ్ళీ తీరిగ్గా చదివితే అందులో క్యాంపస్ అన్నచోట చెసేనా అని ఉంది. బొలోన్యాకి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. తప్పు నాదే. ఆ లైను మొదటి రోజునుంచీ అక్కడే ఉంది, నేనే పెద్దక్షరాల పేరు చూసి మురిసిపోయి కిందకి దిగలేదు. తెనాలిలో నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అంటే ఏంట్రా, మన నాగార్జునా యూనివర్సిటీ కింద ప్రైవేటు కాలేజీ లాంటిదా? పేరు వాళ్ళది, చదువు ఇంకొకళ్ళదా?"

కాదు. కానీ ఎందుకు కాదో సరిగ్గా చెప్పగలిగితే, ఏటా జనవరి దాటగానే నా ఫోనుకి వచ్చే ప్రశ్నకి కూడా సగం జవాబు దొరికినట్టే. "అన్నా, బొలోన్యాకీ సపియెంజాకీ రెండిటికీ పెడుతున్నా, రెండూ వస్తే ఏది తీసుకోమంటావ్?" గుంటూరు నుంచి వచ్చినా, ఖమ్మం నుంచి వచ్చినా, అనంతపురం నుంచి వచ్చినా ప్రశ్న మాత్రం ఇదే. సపియెంజా అంటే రోమ్‌లోని పాత యూనివర్సిటీ. విడివిడిగా రాసి రాసి విసుగొచ్చి, ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నాను. పోర్టల్లో ప్రీ ఎన్‌రోల్‌మెంటు, వీసా స్లాట్లు, బ్యాంకు బ్యాలెన్సు లాంటివి మీకు తెలిసినవే అనుకుని వదిలేస్తున్నాను.

ర్యాంకుల సంగతి కూడా ఒక్క ముక్కలో తేల్చేద్దాం. క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకుల జాబితాలో కొన్నేళ్ళ కిందట బొలోన్యా పైన ఉండేది, ఆ తర్వాత సపియెంజా పైకొచ్చింది. రెండూ పక్కపక్క మెట్ల మీదే ఉంటాయి. ఆ తేడా చూసి రెండేళ్ళ జీవితాన్ని తేల్చుకోవద్దు. ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

స్థలపురాణాలు

బొలోన్యా వాళ్ళు తమ యూనివర్సిటీ 1088లో పుట్టిందని చెబుతారు. ముద్రలో, టీషర్టు మీద, కాఫీ కప్పు మీద అదే అంకె. నిజానికి ఆ ఏడాది ఎవరూ ఏ శిలాశాసనమూ వేయలేదు, కొబ్బరికాయా కొట్టలేదు. 19వ శతాబ్దం చివర్లో, ఎనిమిది వందల ఏళ్ళ పండుగ చేసుకోవాలని సంకల్పించి, కవి జొజుయే కార్దుచ్చి ముందుండి నడిపిన కమిటీ ఒకటి ఆ సంవత్సరాన్ని ఖాయం చేసింది. 1888లో ఉత్సవం ఘనంగా జరిగింది. కొత్తగా ఏర్పడిన ఇటలీ రాజ్యానికి తనకంటూ ఒక పురాతన గర్వకారణం కావలసిన రోజులవి. మన గుళ్ళకి స్థలపురాణం రాయించినట్టే అనుకోండి. లోపల దేవుడు నిజమే, తారీఖు మాత్రం తర్వాత వచ్చింది.

ఆ దేవుడి సంగతి మాత్రం గొప్పది. ఇర్నేరియుస్ లాంటి పండితులు రోమన్ న్యాయశాస్త్రం చెబుతుంటే వినడానికి ఆల్ప్స్ అవతలినుంచి కూడా కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఊళ్ళో పౌరహక్కులు లేవు. తమ దేశంవాడు ఎవడో అప్పు ఎగ్గొడితే ఆ బాకీ వీళ్ళ మెడకు చుట్టేవాళ్ళు. 1150ల్లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఒక శాసనం ఇచ్చి దాన్నుంచి కాపాడాడు. మిగతా రక్షణ వాళ్ళే చూసుకున్నారు. ప్రాంతాలవారీగా జట్లు కట్టి సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పేరే ఉనివెర్సితాస్. అంటే మొదట్లో యూనివర్సిటీ అన్నది భవనమూ కాదు, పంతుళ్ళ సభా కాదు, విద్యార్థుల సంఘం. రెక్టర్, అంటే యూనివర్సిటీ పెద్ద, కూడా విద్యార్థే. పాఠం చెప్పేవాళ్ళకి జీతం వీళ్ళే చందాలు వేసుకుని ఇచ్చేవాళ్ళు. ఆలస్యంగా వస్తే జరిమానా, గంట కొట్టాక కూడా సాగదీస్తే జరిమానా, కష్టమైన భాగం దాటేసి ముందుకెళ్తే జరిమానా. మాస్టారు ఊరు దాటాలంటే పిల్లల అనుమతి కావాలి. ఇంటర్‌లో మా లెక్కల సారుకి ఈ సంగతి చెప్పి ఉంటే ఏమనేవారో.

వాళ్ళ చేతిలో ఉన్న అసలు ఆయుధం వేరే. ఊరితో పేచీ వస్తే మూటా ముల్లె సర్దుకుని మొత్తం జట్టు వేరే ఊరికి వెళ్ళిపోవడమే. 1222లో అలా వెళ్ళినవాళ్ళతోనే పాదోవా యూనివర్సిటీ పుట్టింది. అద్దెలు, అంగళ్ళు, పూటకూళ్ళు అన్నీ విద్యార్థుల మీదే నడుస్తున్న ఊరికి ఇది గుండెల్లో రాయి. అందుకే బొలోన్యా నగరపాలకులు ఒక ఉపాయం చేశారు. జీతాలు తామే ఇస్తామన్నారు. జీతం ఎవరిస్తే మాట వాళ్ళది చెల్లుతుంది కదా. అలా మెల్లగా పగ్గాలు విద్యార్థుల చేతినుంచి జారిపోయాయి.

రోమ్ కథలో ఇంత సందిగ్ధం లేదు. 1303 ఏప్రిల్ 20న ఎనిమిదో బోనిఫేస్ పోప్ ఆజ్ఞాపత్రం ఇచ్చి స్థాపించాడు. రోజూ నెలా ఏడూ అన్నీ ఉన్నాయి. పాపం ఆయన అదే ఏడాది సెప్టెంబరులో అనాన్యీలో శత్రువుల చేతికి చిక్కి అవమానం పొంది, అక్టోబరులో కన్నుమూశాడు. యూనివర్సిటీ మాత్రం మిగిలింది. 1431లో నాలుగో యూజీన్ పోప్ దాని ఖర్చుకోసం ద్రాక్షసారా మీద పన్ను వేశాడు. సారా డబ్బుతో చదువు చెప్పడం మన ప్రభుత్వాలు కనిపెట్టిన విద్య కాదన్నమాట. 1527లో రోమ్ నగరం కొల్లగొట్టబడినప్పుడు మూతపడి, 1530ల్లో మూడో పాల్ పోప్ హయాంలో మళ్ళీ తెరుచుకుంది. సపియెంజా అంటే వివేకం, జ్ఞానం. పాత భవనం గుమ్మం మీద చెక్కిన వాక్యం, దైవభీతే జ్ఞానానికి మొదలు అనేది, పేరుగా స్థిరపడింది. ఆ భవనం లోగిలిలోనే బొర్రొమీని కట్టిన సాంత్ ఇవో చర్చి ఉంది. దాని శిఖరం శంఖంలా మెలికలు తిరిగి ఉంటుంది. రోమ్ వెళ్తే తప్పక చూడండి, చదువుతో పనిలేకపోయినా.

ఇక్కడిదాకా చదివి, "బొలోన్యా విద్యార్థులది, సపియెంజా పోప్‌ది" అని గీత గీసేస్తే తప్పులో కాలేసినట్టే. నేనూ మొదట్లో అలాగే చెప్పుకుని తిరిగేవాణ్ణి. 1506లో రెండో జూలియస్ పోప్ బొలోన్యాను పట్టుకున్నాడు. ఆ తర్వాత, నెపోలియన్ కాలం తప్పిస్తే, 1859 దాకా ఆ ఊరు కూడా పోప్ రాజ్యంలోదే. అంటే మూడు వందల ఏళ్ళకు పైగా రెండు యూనివర్సిటీలకీ ప్రభువు ఒక్కడే. 1824లో పన్నెండో లియో పోప్ తన రాజ్యంలోని విద్యాసంస్థలన్నిటికీ ఒకే చట్టం చేసినప్పుడు పెద్ద తరగతిలో పెట్టినవి రెండే రెండు, రోమ్, బొలోన్యా. ఇప్పుడు మనం కొట్టుకుంటున్న పోటీ అప్పుడే ఆయన టై చేసేశాడు. ఇంకోటి, ఆ పోప్ పాలనలోని బొలోన్యాలోనే 1732లో లౌరా బాస్సి అనే ఆవిడ పట్టా పుచ్చుకుని, జీతం తీసుకునే అధ్యాపకురాలై, భౌతికశాస్త్రం చెప్పింది.

మరో లెక్క కూడా ఉంది. 1931లో ముస్సోలినీ ప్రభుత్వం ప్రొఫెసర్లందర్నీ తమ పాలనకు విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యమంది. దేశం మొత్తం మీద సుమారు పన్నెండు వందల మందిలో కాదన్నవాళ్ళు డజను మంది. అందులో నలుగురు రోమ్ వాళ్ళు. గణితవేత్త వీతో వోల్తెర్రా వాళ్ళలో ఒకడు. బొలోన్యానుంచి ఒక్కడు, సర్జన్ బార్తొలో నిగ్రిసోలి. పుట్టుక కథ ఎంత విప్లవాత్మకంగా ఉన్నా, అవసరమైనరోజు నిలబడేది మనుషులే. ఈ విషయంలో నా యూనివర్సిటీకి నేను మార్కులు వెయ్యలేను.

ఇల్లు ఇరుకైతే ఏం చేశారు

ఇప్పుడు నా దృష్టిలో అసలు తేల్చే విషయానికి వస్తున్నాను. వయసు కాదు, ర్యాంకు కాదు, ఊరి అందం కూడా కాదు. విద్యార్థులు మరీ ఎక్కువైపోయినప్పుడు ఆ సంస్థ ఏం చేసింది అన్నది చూడండి. దాన్నిబట్టే రేపు మీరు అక్కడ ఎలా బతుకుతారో తెలిసిపోతుంది.

రోమ్‌లో 1935 అక్టోబరు 31న ఒక పెద్ద గేటెడ్ కాలనీలాంటిది ప్రారంభించారు. చిత్తా ఉనివెర్సితారియా, అంటే విశ్వవిద్యాలయ నగరం. మార్చెల్లో పియచెంతీని ప్లాను. ఫిజిక్స్ భవనం జుసెప్పె పగానోది, గణితానిది జియో పోంతిది. మధ్యలో విశాలమైన చౌకు, కొలను, మినర్వా దేవి కంచు విగ్రహం, వెనక రెక్టర్ కార్యాలయం. అప్పటిదాకా ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న విభాగాలు ఒకచోటికి చేరాయి. ఫాసిస్టు ప్రభుత్వానికి కావలసింది కూడా అదే, అంతా ఒకచోట, ఒక వరుసలో, ఒక చూపులో. పక్కనే పొలిక్లినికో ఉంబెర్తో ప్రీమో ఆసుపత్రి, అటువైపు సాన్ లొరెంజో పేట. 1943 జులై 19 బాంబుదాడిలో ఆ పేటతోబాటు యూనివర్సిటీ కూడా దెబ్బతింది.

యుద్ధం అయ్యాక, ముఖ్యంగా 1960ల తర్వాత, విద్యార్థులు పోటెత్తారు. ఆ కాలనీ చాల్లేదు. అప్పుడు రోమ్ ఏం చేసిందంటే కొత్త యూనివర్సిటీలు పెట్టింది. 1982లో తోర్ వెర్గాతా, 1992లో రోమా త్రే. వేరే రెక్టరు, వేరే ఖజానా, వేరే పట్టా. మన ప్రాంతంలో ఇది బాగా తెలిసిన పద్ధతే. ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరులో పెట్టిన పీజీ సెంటరు 1976లో నాగార్జునా యూనివర్సిటీ అయి వేరుపడింది. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని విడిపోయింది. కొడుకులు పెళ్ళిళ్ళై వేరు పడ్డట్టు. కానీ రోమ్‌లో తమాషా ఏంటంటే, కొడుకులు వేరుపడ్డా పెద్దింట్లో జనం తగ్గలేదు. సపియెంజాలో ఇప్పటికీ లక్షా పదివేలకు పైనే విద్యార్థులు. ఐరోపాలోని అతిపెద్ద యూనివర్సిటీల్లో అదొకటి.

బొలోన్యా ఇంకో దారి పట్టింది. 1980ల చివరినుంచి తూర్పున రొమాన్యా ప్రాంతంలోని నాలుగు ఊళ్ళలో తన శాఖలు తెరిచింది. చెసేనా, ఫొర్లీ, రవెన్నా, రీమిని. అప్పటి రెక్టర్ ఫాబియో రొవేర్సి మొనాకో హయాంలో ఇది ఊపందుకుంది. అవి కొత్త యూనివర్సిటీలు కాలేదు. రెక్టరు ఒక్కడే, సెనేటు ఒకటే, పట్టా మీద పేరు ఒకటే. ఇళ్ళు ఐదు, పొయ్యి ఒకటి. మొత్తం కలిపి తొంభైవేల చిల్లర విద్యార్థులు.

నాన్న ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మన అఫిలియేషన్ పద్ధతిలో కాలేజీ యాజమాన్యం వేరు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. ఇటలీలో ప్రభుత్వ యూనివర్సిటీలకి అలాంటి అనుబంధ కాలేజీలే లేవు. చెసేనాలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు బొలోన్యా డిపార్ట్‌మెంటు మనిషే, బొలోన్యా జీతగాడే, కొందరైతే వారంలో రెండ్రోజులు అక్కడ, మూడ్రోజులు ఇక్కడ చెప్పేవాళ్ళు. నాన్నకు చివరికి ఇలా చెప్పాను: "కాలేజీ కాదు నాన్నా, ఆర్టీసీ డిపో అనుకో. సంస్థ ఒకటే, బస్సు ఏ డిపోనుంచి బయల్దేరినా." ఆయనకి అప్పుడు కుదుటపడింది.

ఈ ఏర్పాటులో లోటు లేదనను. డిపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం ప్రధాన కార్యాలయాలు బొలోన్యాలోనే ఉన్నాయి. ఫొర్లీలో అనువాదకుల విభాగం, రవెన్నాలో సాంస్కృతిక వారసత్వ విభాగం లాంటివి మాత్రం అక్కడివే. ప్రతి క్యాంపస్‌కీ ఒక కౌన్సిల్, దానికో అధ్యక్షుడు ఉంటారు, అయినా పెద్ద నిర్ణయం పెద్దింట్లోనే. పెద్ద లైబ్రరీలు, పెద్దపెద్ద ప్రసంగాలు, మన తెలుగువాళ్ళ జట్టు, బిర్యానీ పార్టీ కూడా బొలోన్యాలోనే. రైలెక్కాల్సిందే. దానికి బదులు దక్కేది ఏంటంటే, క్లాసులో తక్కువమందే ఉంటారు, మాస్టారికి మీ ముఖం గుర్తుంటుంది. మొదటి సెమిస్టరులో ఇటాలియన్ రాక నానా తంటాలు పడేవాడికి ఇది చిన్న విషయం కాదు. ఇటలీలో పరీక్ష చాలాచోట్ల నోటిమాటగా జరుగుతుంది. ఎదురుగా కూర్చుని అడుగుతారు, ముప్ఫైకి మార్కులు వేస్తారు, నచ్చకపోతే ఆ మార్కు వద్దని మళ్ళీ రాయచ్చు. మిమ్మల్ని ఆరు నెలలుగా చూస్తున్న మనిషి ఎదురుగా కూర్చోవడానికీ, పేరు కూడా తెలియని మనిషి ముందు కూర్చోవడానికీ చాలా తేడా ఉంది.

సపియెంజాలో ఆ అవకాశమే లేదంటే అబద్ధం. చిన్న మాస్టర్స్ కోర్సులు అక్కడా ఉన్నాయి, పాతికమందే ఉండే క్లాసులు అక్కడా ఉంటాయి. కానీ వాటి చుట్టూ ఉన్న సముద్రం పెద్దది. మీరు గట్టిగా ఈదగలిగితే సముద్రంలో దొరికేవి చెరువులో దొరకవు. ఆ మాటా చెప్పాలి.

ఎవరిని అడగాలి

రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే కాబట్టి పైకప్పు ఒక్కటే, 2010 నాటి 240వ నంబరు చట్టం. రెక్టర్‌ని ఎన్నుకుంటారు, ఆరేళ్ళు ఒకే దఫా, మళ్ళీ నిలబడ్డానికి లేదు. చదువుకు సంబంధించినవి సెనేటు చూస్తుంది, డబ్బు సంగతి పాలకమండలి చూస్తుంది. రెండిట్లోనూ విద్యార్థుల ప్రతినిధులుంటారు. ఆ చట్టం పాత ఫ్యాకల్టీలను పక్కకు జరిపి, బోధననీ పరిశోధననీ డిపార్ట్‌మెంట్ల చేతిలో పెట్టింది. వాటిని కలిపే సంస్థలు పెట్టుకోవచ్చు, పన్నెండుకు మించకూడదంది. సపియెంజా వాటికి ఫ్యాకల్టీలనే పాత పేరు ఉంచుకుంది, పదకొండు ఉన్నాయి, వాటి కింద అరవైకి దగ్గరగా డిపార్ట్‌మెంట్లు. బొలోన్యా స్కూళ్ళని పేరు మార్చింది, తర్వాత వాటినీ తగ్గించుకుంది. డిపార్ట్‌మెంట్లు ముప్ఫై చిల్లర.

వినడానికి పొడిగా ఉన్నా మీకు పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. సబ్జెక్టు విషయంలో మీకు దిక్కు రెక్టరూ కాదు, ఫ్యాకల్టీ డీనూ కాదు, మీ కోర్సు సమన్వయకర్త. సిలబస్ ఒప్పించడం, పాత క్రెడిట్లు కలపడం, ఇంటర్న్‌షిప్‌కి సంతకం అన్నీ అక్కడే. అప్లై చేసే ముందే ఆ కోర్సు పేజీలో ఆ పేరు ఎవరిదో చూసి, వాళ్ళకో మర్యాదైన ఈమెయిల్ రాయండి. జవాబు ఎన్నాళ్ళకొస్తుందో, ఏమని వస్తుందో చూడండి. నా మటుకు ఏ ర్యాంకింగు కన్నా ఆ ఒక్క ఈమెయిలే ఎక్కువ చెబుతుంది.

స్కాలర్‌షిప్పు దగ్గర మనవాళ్ళు పడే తికమక మరొకటుంది. బొలోన్యా స్కాలర్‌షిప్పా, సపియెంజా స్కాలర్‌షిప్పా అని అడుగుతారు. ఆదాయాన్నిబట్టి వచ్చే ఆ ప్రధానమైన సాయం యూనివర్సిటీది కాదు, ఆ ప్రాంతీయ ప్రభుత్వానిది. బొలోన్యా ఉన్న ఎమీలియా రొమాన్యాలో దాన్ని చూసే సంస్థ ఎర్గో. రోమ్ ఉన్న లాజియోలో దిస్కో. హాస్టలు గది, భోజనం రాయితీ కూడా వాళ్ళవే. స్తోమత లేకపోయినా సమర్థులైనవాళ్ళకి ఉన్నత చదువు హక్కని ఇటలీ రాజ్యాంగం 34వ అధికరణం చెబుతుంది, ఈ సంస్థలు ఆ వాక్యానికి చేతులూ కాళ్ళూ. దరఖాస్తు వేరు, గడువు వేరు, ఆదాయ పత్రాలు వేరు. అడ్మిషన్ ఆఫీసులో అడిగితే చేతులెత్తేస్తారు, వాళ్ళ తప్పు కాదు. అర్హుల జాబితాలో పేరు రావడం, డబ్బు రావడం ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. నిధులు చాలని ఏడాది ఆ రెండిటి మధ్యా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఏడాదికి ఇంటినుంచి ఎంత తేగలరో ముందే లెక్క వేసుకోండి.

అద్దెల సంగతి క్లుప్తంగా. రోమ్ మహానగరం, దూరంగానైనా ఏదో ఒక మూల దొరుకుతుంది, మెట్రో, ట్రాములు ఉన్నాయి. బొలోన్యా ఊరు చిన్నది, అడిగేవాళ్ళు ఎక్కువ, మెట్రో లేదు. అరవై కిలోమీటర్ల పొడవున నీడనిచ్చే వరండా దారులున్నాయి, వానలో గొడుగు లేకుండా క్లాసుకి పోవచ్చు, కానీ వాటి కింద పడుకోలేం. చెసేనా, ఫొర్లీలో కాస్త సులువు. రీమిని సముద్రతీరపు ఊరు, వేసవి రాగానే విద్యార్థిని ఖాళీ చేయించి టూరిస్టుకి ఇచ్చుకునే ఇళ్ళుంటాయి. అద్దె ఒప్పందం ఏ నెలదాకో చదవండి. కాగితం చివరిదాకా చదవని నేను చెబుతున్న మాట ఇది.

నా మొగ్గు, దానికి హద్దు

బొలోన్యా వైపే. దాచను. 1988 సెప్టెంబరు 18న, తొమ్మిది వందల ఏళ్ళ పండుగలో, బొలోన్యా నడిబొడ్డు చౌకు పియాజ్జా మజోరెలో ఎన్నో దేశాల రెక్టర్లు యూనివర్సిటీల స్వేచ్ఛ గురించి ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. 1999 జూన్ 19న 29 దేశాల మంత్రులు అదే ఊళ్ళో కూర్చుని, ఇవాళ మీరు వెతుక్కుంటున్న మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ మాస్టర్స్ వరసకి దారి వేశారు. ఆ వరసకి ఊరి పేరే పెట్టారు. అయితే రోమ్ అభిమానులు ఒక మాట అందిస్తారు, అదీ నిజమే. ఇటలీ యూనివర్సిటీలకి చట్టపరంగా స్వయంప్రతిపత్తి తెచ్చింది 1989 నాటి చట్టం. దాన్ని నడిపించిన మంత్రి అంతోనియో రుబేర్తి, అంతకుముందు సపియెంజాకి దశాబ్దానికి పైగా రెక్టరు. బొలోన్యా పత్రం రాసింది, రోమ్ దాన్ని గెజిట్లో పెట్టింది అనుకోండి.

నాకు బొలోన్యా నచ్చేది ఆ పత్రాలవల్ల కాదు. పెరిగినా ముక్కలవ్వకుండా, అలాగని అందర్నీ ఒకే ప్రాంగణంలో కుక్కకుండా ఉండే దారి వెతికింది కాబట్టి. ఇంజనీరింగు, కంప్యూటర్లు, ఎకనామిక్స్, ఆహారశాస్త్రం చదవాలనుకునేవాళ్ళు, మొదటిసారి దేశం దాటుతున్నవాళ్ళు, ఇటాలియన్ ఇంకా అక్షరాల దశలో ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని, సారీ, కళ్ళు తెరిచి క్యాంపస్ లైను చదివి మరీ, బొలోన్యా తీసుకోండి.

భౌతికశాస్త్రం అయితే ఆగండి. ఎన్రికో ఫెర్మి, ఆయన కుర్రాళ్ళు 1934లో నెమ్మది న్యూట్రాన్ల రహస్యం పట్టుకున్నది రోమ్ యూనివర్సిటీవాళ్ళుగానే. కొత్త ప్రాంగణం తయారవకముందు వీయా పనిస్పెర్నాలో ఉన్న పాత భవనంలో. 1938లో ఫెర్మి నోబెల్ అందుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళి, యూదురాలైన భార్యతో అటునుంచి అటే అమెరికా వెళ్ళిపోయాడు. ఆ నష్టం తర్వాత కూడా ఆ పరంపర తెగలేదు. 2021లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న జోర్జో పరీసి సపియెంజా మనిషే. ఇక గ్రీకు, లాటిన్, పురావస్తుశాస్త్రం అయితే వాదనే లేదు. మొదట్లో చెప్పిన ర్యాంకుల మినహాయింపు ఇదే. ప్రాచీన సాహిత్యం, చరిత్రల క్యూఎస్ జాబితాలో సపియెంజా కొన్నేళ్ళుగా ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంటోంది. ప్రయోగశాల ఊరంతా పరుచుకుని ఉంటే మరి ఉండదూ.

"పాదోవా, నాపోలి సంగతేంటన్నా?" అనేవాళ్ళకి రెండు ముక్కలు. పాదోవా బొలోన్యానుంచి విడిపోయిన తమ్ముడు, గెలీలియో పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పిన చోటు, మంచి యూనివర్సిటీ, బొలోన్యా రాకపోతే సంతోషంగా వెళ్ళండి. నాపోలి యూనివర్సిటీని 1224లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ రాజశాసనంతో పెట్టి, తన ప్రజలు బొలోన్యాకి పోకుండా ఇక్కడే చదవాలని హుకుం జారీ చేశాడు. ప్రభుత్వ యూనివర్సిటీ అన్న మాటకి మొదటి అర్థం అదే కావచ్చు. ఖర్చు తక్కువ, పిజ్జా బాగుంటుంది. అంతకుమించి నాకు అనుభవం లేదు.

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. రెండూ వచ్చాయట. "అన్నయ్యా, నువ్వెలాగూ బొలోన్యా అంటావు, నాన్న కూడా మీ అన్నయ్య ఉన్న చోటే మేలంటున్నాడు" అంది. ఏం సబ్జెక్టమ్మా అని అడిగాను. ఆర్కియాలజీ, నాగార్జునకొండ మ్యూజియం చూసిన చిన్నప్పటినుంచీ అదే పిచ్చి. రోమ్ వెళ్ళమన్నాను. బాబాయికి నేను చెప్పుకుంటానన్నాను. పరీక్షకి వెళ్ళేరోజు మాత్రం ఆ చౌకులో మినర్వా విగ్రహం కళ్ళలోకి చూడకు, ఫెయిలవుతారని అక్కడి పిల్లల నమ్మకం అని చెబితే, "మరి బొలోన్యాలో ఏం లేవా ఇలాంటివి?" అంది. ఉంది. పట్టా చేతికి రాకముందు అసినెల్లి గోపురం ఎక్కితే ఇక పట్టా రాదంటారు. నేను చెసేనాలో ఉన్నాను కాబట్టి నాకు ఆ భయం లేకపోయింది.